అడవిలో ఆగడం నేర్చుకోండి

మీరెప్పుడైనా మాల వేసుకుని పెద్దపాదం నడిచారా? ఎరుమేలిలో పేటతుళ్ళి ఆడి, అళుదలో మునిగి, నీళ్ళలోంచి తీసిన రాయిని కొండ మీద వదిలి, కరిమల ఎక్కి దిగి పంబ చేరేసరికి 40 కిలోమీటర్లు దాటుతుంది. మన రెండు రాష్ట్రాల నుంచి ఏటా ఎంతోమంది స్వాములు ఆ దారిలో వెళ్ళొస్తారు. తాము నడిచింది పెరియార్ టైగర్ రిజర్వ్‌లో అన్న సంగతి వాళ్ళలో చాలామందికి తెలియదు. శబరిమల ఉన్నదే ఆ అడవిలో. 925 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో పులులున్నాయి, ఏనుగుల మందలున్నాయి, ఏడాది పొడవునా ఆకు రాలని మహావృక్షాలున్నాయి.

ఆ నడక స్వామి కోసం. మనసంతా కొండ మీదే ఉంటుంది, ఉండాలి కూడా. ఈ అధ్యాయం ఇంకో నడక గురించి. అడవిని చూడటానికే అడవిలోకి వెళ్ళే నడక.

పశ్చిమ కనుమల వర్షారణ్యాలకు వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ నుంచి నేను తరచుగా వినే మాట ఒకటుంది. "అంత దూరం వెళ్ళాం, మూడు గంటలు నడిచాం, కాళ్ళనిండా జలగలు, ఒక్క జంతువు కనబడితే ఒట్టు!" వెళ్దామా వద్దా అని ఊగిసలాడేవాళ్ళ మాట వేరు. "పాములుంటాయట కదా, ఏనుగులు ఎదురొస్తాయట కదా, పిల్లలతో ఎలా వెళ్తామండీ?"

ఒకరిది నిరాశ, ఒకరిది భయం. చాలా ఏళ్ళుగా ఆ అడవుల్లో తిరుగుతూ నాకు అర్థమైంది చెబుతాను. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేస్తుంది. మెల్లగా నడవడం, మాటిమాటికీ ఆగడం. ఆగి చూసేవాళ్ళకే జంతువులు కనబడతాయి. పాము మీద కాలు వేయకుండా, ఏనుగుకి అడ్డంపడకుండా క్షేమంగా బయటికొచ్చేదీ వాళ్ళే. చూడటానికి ఒక విద్య, బతికి బయటపడటానికి ఇంకో విద్య అక్కర్లేదు.

ఇక దారిలోకి దిగుదాం.

1. అడవినీ నెలనూ ముందే ఎంచుకోండి

మొదటిసారి వెళ్ళేవాళ్ళు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ కురిసే వాన మన ఊహకు అందదు. హైదరాబాదులో ఏడాదంతా కలిపి పడేది 800 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా ఆగుంబెలో 7,000 మిల్లీమీటర్లు దాటుతుంది. కప్పల కోసం వెళ్ళేవాళ్ళకి ఆ వానాకాలమే పండగ. మీకు ఇది మొదటి నడక అయితే మాత్రం వద్దు.

ఎక్కడికి వెళ్ళాలి? తేక్కడి మంచి మొదలు. అక్కడి పెరియార్ అడవిలో అటవీశాఖే నేచర్ వాక్, వెదురు తెప్పల ప్రయాణం లాంటివి నడుపుతుంది. అడవి ఇంకా చిక్కగా కావాలంటే పాలక్కాడ్ జిల్లాలోని సైలెంట్ వ్యాలీ. 'సైరంధ్రీవనం' అని ఆ అడవికి పాత పేరు. అందులో పారేది కుంతి నది. విరాటపర్వం వింటూ పెరిగిన మనకు ఆ పేర్లు దగ్గరివాళ్ళ పేర్లలా వినిపిస్తాయి. ఆ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కడతామన్నప్పుడు కేరళ ప్రజలు ఏళ్ళ తరబడి అడ్డం నిలబడ్డారు. చివరికి ప్రాజెక్టు ఆగింది, 1984లో అది నేషనల్ పార్క్ అయింది. ముక్కాలి చెక్‌పోస్టు నుంచి జీపులో 20 కిలోమీటర్లకు పైగా లోపలికి తీసుకెళ్తారు. ఆ దారిలో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఇది గుర్తుచేసుకోండి. ఆ చెట్లు ఇంకా నిలబడి ఉన్నాయంటే ఆనాడు కొందరు పట్టు వదలకపోవడం వల్లే.

సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పాలక్కాడ్‌లోనూ ఆగుతుంది, కొట్టాయంలోనూ ఆగుతుంది. కొట్టాయం నుంచి తేక్కడికి బస్సులున్నాయి.

పర్మిట్ లేకుండా మాత్రం అడుగు పెట్టకండి. "మా వాడికి లోపలి దారి తెలుసు" అని ఎవరైనా అంటే దండం పెట్టి తప్పుకోండి. అనుమతి లేకుండా రక్షిత అడవిలోకి వెళ్ళడం నేరం. అంతకంటే ముఖ్యంగా, మీరు లోపల ఉన్నట్టు ఎవరికీ తెలియనప్పుడు కాలు బెణికితే వెతకడానికి ఎవరొస్తారు?

2. గంటకి ఒక కిలోమీటరు చాలు

ఈ అధ్యాయంలో ఒక్క సలహాయే పాటిస్తానంటే ఇది పాటించండి.

మనకు నడక అంటే వ్యాయామం. ఎన్ని అడుగులు వేశామో ఫోను లెక్కపెడుతుంది, పక్కవాళ్ళ లెక్కతో పోల్చుకుంటాం. ఆ అలవాటుతోనే వర్షారణ్యంలోకీ దిగుతాం. అక్కడేమో చెట్లు పది అంతస్తుల మేడంత ఎత్తు. పట్టపగలు కూడా నేల మీద మసక వెలుతురే. పొదలు అడ్డం ఉంటాయి కాబట్టి ఇరవై అడుగుల అవతల ఏముందో తెలియదు. బందీపూర్‌లో జీపులోంచి జింకల మందల్ని చూసినట్టు ఇక్కడ చూడలేం. మీరు జంతువుని చూసే లోపల అది మీ అడుగుల చప్పుడు విని, మీ ఒంటి వాసన పట్టి, పక్కకు తప్పుకుని నిలబడి ఉంటుంది.

అందుకే ఇలా చేయండి. ఇరవై అడుగులు వేయండి. ఆగండి. పది సార్లు నింపాదిగా ఊపిరి తీసుకునేంతసేపు కదలకుండా నిలబడండి. ముందు పాదాల చుట్టూ నేలను చూడండి. తర్వాత మోకాలి ఎత్తు పొదల్ని, ఆ తర్వాత కంటికి ఎదురుగా ఉన్న కొమ్మల్ని చూడండి. చివర్లో తలెత్తి చెట్ల శిఖరాల్ని చూడండి. అప్పుడు మళ్ళీ ఇరవై అడుగులు.

మొదటి అరగంట విసుగ్గా ఉంటుంది. "ఏమీ లేదు కదా, పదండి" అని పక్కవాళ్ళు తొందరపెడతారు. ఆ అరగంట ఓర్చుకోండి. అప్పటిదాకా పచ్చటి గోడలా కనబడిన అడవి విడివిడిగా విచ్చుకుంటుంది. ఎండుటాకు అనుకున్నది చటుక్కున గెంతి కప్ప అవుతుంది. కొమ్మకు వేలాడే తీగ అనుకున్నది బెట్టుడుత తోక అని తెలుస్తుంది.

ఒక సందర్భం ఊహించండి. ఒకే ఉదయం, ఒకే కాలిబాట. ముందు ఎనిమిదిమంది స్నేహితుల బృందం వెళ్ళింది. నవ్వులు, కేకలు, సెల్ఫీలు. నాలుగు కిలోమీటర్లు గంటన్నరలో చుట్టేసి వచ్చారు. వెనకాల ఒక తల్లీ కూతురూ వెళ్ళారు. కిలోమీటరు కూడా దాటలేదు. పండ్లతో విరగకాసిన ఒక జువ్విచెట్టు కనబడితే దానికి కాస్త ఎడంగా, గైడు చూపించిన బండ మీద కూర్చుండిపోయారు. ముప్పావుగంటలో బెట్టుడుత వచ్చింది, నల్లటి నీలగిరి కొండముచ్చులు వచ్చాయి, ఆకుపచ్చ పావురాలు వాలాయి. అడవి ఎవరికి ఎక్కువ దక్కింది? పండ్లున్న చెట్టు అడవికి సంతబజారు. అక్కడికి అందరూ వస్తారు, మీరు వెతుక్కుంటూ వెళ్ళక్కర్లేదు.

దీన్ని ఇంటి దగ్గరే సాధన చేయొచ్చు. హైదరాబాదువాళ్ళు కేబీఆర్ పార్కులో, విశాఖవాళ్ళు కంబాలకొండలో ఒక బెంచీ చూసుకోండి. పొద్దున్నే ఫోను జేబులో పెట్టి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. వారం తిరిగేసరికి నెమళ్ళు ఏ వేళకి ఎటు వెళ్తాయో మీకు తెలిసిపోతుంది. ఇలా రెండు మూడు వారాలు చేసి వెళ్ళినవాళ్ళు తేక్కడిలో మొదటిరోజే తేడా గమనిస్తారు.

3. ముందు చెవి, తర్వాతే కన్ను

కంటికి ఇరవై అడుగులే అందేచోట చెవి అర కిలోమీటరు వింటుంది.

తెల్లవారుజామున వాగు పక్కనుంచి ఎవరో కుర్రాడు దారితప్పి, తోచక ఈల వేసుకుంటున్నట్టు వినబడితే చుట్టూ వెతక్కండి. అది విజిలింగ్ థ్రష్ అనే పిట్ట. దాని ఈల ఒక్కసారి విన్నవాళ్ళు మరిచిపోరు. పైకొమ్మల్లోంచి గుండె లోతుల నుంచి వచ్చినట్టు 'హూ... హూ...' అని మోగితే నీలగిరి కొండముచ్చు. ఆ పిలుపు తీరు మారి, గొంతు కీచుగా, గాబరాగా పలికితే పులో చిరుతో దాని కంటపడిందన్నమాట. కణుజు కూడా అంతే. గొంతెత్తి 'ఢాంక్' అని ఒక్క అరుపు అరుస్తుంది. అది విన్నప్పుడు ఉన్నచోటే ఆగి గైడు ముఖం చూడండి.

అన్నిటికంటే ముఖ్యంగా నేర్చుకోవాల్సిన చప్పుళ్ళు రెండు. ఒకటి, వెదురుబొంగు ఫెళ్ళున విరిగిన చప్పుడు. రెండోది, దూరంగా లారీ ఇంజన్ ఆగకుండా తిరుగుతున్నట్టు వినబడే లోగొంతు గురగుర. రెండూ ఏనుగువే. ఈ రెండు చప్పుళ్ళూ మాటల్లో మునిగిపోయినవాళ్ళ చెవిన పడవు. నేను మాట్లాడవద్దని అంతగా బతిమాలేది ఇందుకే.

4. జలగకి భయపడి వెనక్కి రాకండి

చాలామంది మొదటి నడకే చివరి నడక కావడానికి కారణం పులి కాదు, జలగ. అందుకని దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

తడి ఆకు మీద నిలబడి ఉన్న జలగని ఒకసారి వంగి చూడండి. అగ్గిపుల్లకంటే సన్నం. వెనక కొసతో ఆకుని పట్టుకుని, ముందు కొసని గాల్లోకి లేపి అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. మీ ఊపిరి, మీ ఒంటి వేడి, మీ అడుగుల అదురు దానికి తెలుస్తాయి. మీరు ఆగితే మీవైపు తిరుగుతుంది. ముందు కొస ఆనించి, వెనక కొస దగ్గరికి లాక్కుని, మళ్ళీ ముందు కొస చాచి, మనం వేళ్ళతో జానలు కొలిచినట్టు కొలుచుకుంటూ వస్తుంది. బూటు ఎక్కి, సాక్సు అంచు దాటి, చర్మం దొరికేదాకా ఆగదు. కరిచినప్పుడు నొప్పి తెలియదు. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది. అందుకే అది ఊడిపోయాక కూడా చాలాసేపు నెత్తురు కారుతుంది. చూడటానికి భయంగా ఉన్నా పోయే రక్తం చాలా కొంచెం.

జలగ కరుచుకుంటే ఏం చేయాలి? గబుక్కున పట్టి లాగకండి. అగ్గిపుల్లతో కాల్చడం, ఉప్పు పోయడం కూడా వద్దు. బాధకి అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. దాని సన్నటి కొస చర్మాన్ని అంటుకున్న చోట మీ గోరు ఆనించి, పక్కకి గీరినట్టు తోయండి, పట్టు వదులుతుంది. వెంటనే రెండో కొస కూడా అలాగే విడిపించి దూరంగా విసిరేయండి. సబ్బునీళ్ళతో కడిగి, గుడ్డతో కాసేపు గట్టిగా అదిమి పట్టండి. తర్వాత రెండు రోజులు దురద పెడుతుంది. గోకితే పుండు అవుతుంది, గోకకండి.

రాకుండా చూసుకోవడం ఇంకా సులువు. చిక్కటి నేత గుడ్డతో కుట్టిన లీచ్ సాక్స్ దొరుకుతాయి. ప్యాంటు మీదుగా మోకాలి దాకా లాగి కట్టుకోవాలి. తేక్కడిలో నడకకి ముందు అటవీశాఖవాళ్ళే ఇస్తారు. ముక్కుపొడి సాక్సుల మీద చల్లుకోవడం ఆ ప్రాంతంలో పాత అలవాటు. జీన్స్ వేసుకోకండి. ఒకసారి తడిస్తే ఆరదు, బరువెక్కి తొడలు ఒరుసుకుపోతాయి. పలచటి, త్వరగా ఆరే ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా, మట్టిరంగువో ముదురాకుపచ్చవో వేసుకోండి. సెంటు వద్దు.

ఆగినప్పుడు రాయి మీదో రోడ్డు మీదో ఆగండి, ఆకుల గుట్ట మీద ఆగకండి. ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు చూసుకోండి.

5. చెయ్యి వేసేముందు చూడండి

పాముల మాటకొస్తే మనం నేల మీదే చూసుకుంటాం. వర్షారణ్యంలో పాము మీ చేతి ఎత్తులో కూడా ఉంటుంది.

ఒక వానాకాలం కర్ణాటక మలెనాడులో నాకు జరిగింది చెబుతాను. నిటారుగా దిగే జారుడు బాట. పక్కన సన్నటి చెట్టు కనబడితే ఆసరా కోసం చెయ్యి చాచాను. ముందు నడుస్తున్న గైడు వెనక్కి తిరిగి నా చేతికి అడ్డంగా కర్ర పెట్టాడు. నా వేళ్ళకీ చెట్టుకీ మధ్య జానెడు దూరం. నాచు పట్టిన ఆ మాను మీద నాచు రంగులోనే, చుట్టలు చుట్టుకుని, త్రికోణపు తల ముందుకు పెట్టి మలబార్ పిట్ వైపర్ పడుకుని ఉంది. కదల్లేదు, బుస కొట్టలేదు. ఎలుకో కప్పో దగ్గరికి వచ్చేదాకా అలా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఉన్నచోటే ఉంటుందది. కంటికీ ముక్కుకీ మధ్య ఉండే చిన్న గుంటలతో వేడిని పసిగడుతుంది. మేం నాలుగడుగులు వెనక్కి వేసి, పది నిమిషాలు దాన్ని చూసి, చుట్టుతిరిగి వెళ్ళాం. దాన్ని తాకకపోతే అది మన జోలికి రాదని ఆ పది నిమిషాల్లో నా ఒంటికి తెలిసింది.

అప్పటినుంచి నాకో అలవాటు. పట్టుకునేముందు చూపు, అడుగు వేసేముందు చూపు, కూర్చునేముందు చూపు. పడిపోయిన మాను అడ్డం వస్తే ఒకేసారి దాటకండి. ముందు మాను మీద చూడండి, తర్వాత అవతలి పక్క చూడండి, అప్పుడు దాటండి. హంప్ నోస్డ్ పిట్ వైపర్ అనే చిన్న పాము ఎండుటాకుల్లో ఎండుటాకులాగే కలిసిపోతుంది. చెప్పులతో నడిచేవాళ్ళకి దానితోనే ప్రమాదం. మడమ పైదాకా కప్పే బూట్లు వేసుకోండి.

ఇక గిరినాగు. మన ఉత్తరాంధ్ర ఏజెన్సీలో కూడా ఉండే పామే. ఆగుంబె ప్రాంతంలో దీన్ని కాళింగ అంటారు. పశ్చిమ కనుమల గిరినాగు వేరే జాతి అని 2024లో శాస్త్రవేత్తలు తేల్చి, దాని శాస్త్రీయ నామంలో కూడా ఆ 'కాళింగ' అన్న పేరే పెట్టారు. 12, 13 అడుగుల పొడవుండే ఆ పాముకి ఆహారం ఎక్కువగా తక్కిన పాములే. ఆకులు పోగుచేసి గూడు కట్టి, గుడ్లకు కాపలా కాస్తుంది. ఎదురుపడితే కదలకుండా నిలబడి, అది దారి చూసుకున్నాక వెనక్కి తగ్గండి.

ఒకవేళ పాము కరిస్తే? ఈ నాలుగు ముక్కలు నోటికి వచ్చేదాకా చదువుకోండి. కరిచినవాళ్ళని కూర్చోబెట్టి కదలకుండా చూడాలి. ఉంగరాలు, గడియారం, బూట్లు తీసేయాలి, వాపు వస్తుంది కాబట్టి. తాడు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. వీలైనంత త్వరగా పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. మన దేశంలో మామూలుగా దొరికే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగు పాముల కోసం తయారైంది. పిట్ వైపర్లకీ గిరినాగుకీ అది సరిపోదు. అయినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. నెత్తురు, ఊపిరి, కిడ్నీల మీద విషం పనిచేస్తుంటే వాటిని కాపాడే వైద్యం అక్కడే దొరుకుతుంది. పాముని వెంటాడి చంపే పని పెట్టుకోకండి, రెండోవాళ్ళు కాటు తినేది అప్పుడే.

6. ఏనుగుకి ఎప్పుడూ దారి వదలండి

అడవిలో నేను నిజంగా భయపడేది ఏనుగు ఒక్కదానికే. మీరూ భయపడాలి. ఆ భయం మంచిది.

ఏనుగుని చూడకముందే ఏనుగు గురించి తెలుసుకోవచ్చు. దారిలో లద్దె కనబడితే ఆగండి. తడిగా మెరుస్తూ, ఆవిరి లేస్తూ, ఈగలు ముసురుతుంటే ఏనుగు ఇప్పుడే వెళ్ళింది. ఎండి పీచుపీచుగా ఉంటే నిన్నటిదో మొన్నటిదో. విరిగిన కొమ్మ చివర రసం కారుతోందా? చెట్టు మానుకి తడిబురద పూసి ఉందా? ఎంత ఎత్తున ఉంది? ఇవన్నీ గైడుని అడగండి, సంతోషంగా చెబుతారు.

తర్వాత గాలి చూసుకోండి. చెమట పట్టిన చెంపల్లో ఏ చెంపకి చల్లగా తగిలితే గాలి అటునుంచి వస్తోందన్నమాట. గాలి మీ నుంచి ఏనుగు వైపు వీస్తుంటే మీ వాసన దానికి అందేసినట్టే. వెనక్కి తిరగండి.

ఏనుగు కనబడిందనుకోండి. చెవులు నిదానంగా ఊపుతూ, మేస్తూ ఉంటే దానికి మీ గొడవ పట్టలేదు. చెవుల ఊపు ఆగిపోయి, తొండం పైకి లేచి మీవైపు తిరిగితే పట్టింది. చెవులు విప్పార్చి, తల పైకెత్తి, నాలుగడుగులు ముందుకు ఉరికి ఆగితే అది హెచ్చరిక. కణత పక్కనుంచి నూనెలాంటి జిగురు చారగా కారుతున్న మగ ఏనుగైతే మదంలో ఉంది, దాని ఛాయలకే పోకూడదు. పిల్లలున్న మంద కూడా అంతే.

ఇక్కడ జనం చేసే తప్పులు చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఫోటో కోసం ఇంకో నాలుగడుగులు ముందుకు వేయడం. ఫ్లాష్ వేయడం. ఈల వేసి దాని తల తిప్పించాలనుకోవడం. చెదిరి తలో దిక్కుకీ పరిగెత్తడం. అవేవీ చేయకండి. గైడు చెప్పిన దిక్కుకి, అందరూ కలిసి, చప్పుడు లేకుండా వెనక్కి జరగండి. మీకూ దానికీ మధ్య పెద్ద చెట్లు ఉండేలా చూసుకోండి. మనిషికంటే అది చాలా వేగంగా పరిగెత్తగలదు. నిజంగానే మీదికి వస్తుంటే వీపు మీద సంచి విసిరేసి, చెట్ల చాటుగా మలుపులు తిరుగుతూ పోవడమే మిగిలిన దారి. అంతదాకా రాకుండా ఉండటానికే ఇంతసేపూ ఆగడం గురించి చెప్పింది.

కోయంబత్తూరు జిల్లా వాల్పారైలో తేయాకు తోటల మధ్య ఏనుగులు తిరుగుతాయి. అక్కడ ఏనుగులు ఎక్కడున్నాయో స్థానికుల ఫోన్లకి మెసేజ్ వెళ్తుంది, దగ్గరలో ఉంటే స్తంభాల మీద ఎర్రదీపాలు వెలుగుతాయి. ఈ ఏర్పాటు వెనక ఉన్న ఎం.ఆనందకుమార్‌కి 2015లో విట్లీ అవార్డు వచ్చింది. తరాలుగా అక్కడే బతుకుతున్నవాళ్ళే ఎర్రదీపం చూసి ఆగుతారు. రెండు రోజులకి వెళ్ళిన మనకి తొందరెందుకు?

తక్కిన జంతువుల గురించి క్లుప్తంగా. మోకాళ్ళ దాకా తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టుండే అడవిదున్న మందలో ఉంటే మిమ్మల్ని చూసి తనే పోతుంది, ఒంటరి పోతు కనబడితే దూరం పాటించండి. ఎలుగుబంటి హఠాత్తుగా ఎదురుపడటమే ప్రమాదం, గుబురు మలుపుల దగ్గర మాత్రం చిన్నగా దగ్గండి. పులి కనబడితే పరిగెత్తకుండా దానివైపే చూస్తూ వెనక్కి నడవండి. కోతులకి తిండి పెట్టకండి, తిండి కనబడనివ్వకండి.

7. గైడుని నమ్మండి, ఆయన మాటలు నాలుగు నేర్చుకోండి

పెరియార్‌లో మిమ్మల్ని వెదురు తెప్ప మీద తీసుకెళ్ళేవాళ్ళలో కొందరికి ఒక కథ ఉంది. వాళ్ళు ఒకప్పుడు ఇదే అడవిలో దొంగతనంగా వయన అనే అడవి దాల్చిన చెట్ల బెరడు వలిచి అమ్ముకున్నవాళ్ళు. కేసులు, జైళ్ళు, చీకట్లో పరుగులు. 1990ల చివర్లో అటవీశాఖ వాళ్ళతో మాట్లాడి, ఒక సంఘంగా చేర్చి, యాత్రికులకి దారి చూపే పనీ అడవికి కాపలా కాసే పనీ అప్పజెప్పింది. ఏ లోయలో ఏముందో వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు? మన్నాన్, పళియన్ గిరిజనులు కూడా గైడులుగా వస్తారు. మీ గైడుని పేరు పెట్టి పిలిచి ఆర్డర్లు వేయకండి. 'చేట్టా' అని పిలవండి, అంటే అన్నా అని.

ఈ మాటలు నోట్సులో రాసుకోండి. ఆన అంటే ఏనుగు. పాంబు అంటే పాము. కడువ అంటే పులి. అట్ట అంటే జలగ, మనం పుస్తకం అట్ట అనుకుని తికమక పడతాం. పదుక్కె అంటే మెల్లగా. మిండల్లే అంటే మాట్లాడకు. ఈ చివరి రెండూ మీరు ఎక్కువసార్లు వింటారు.

8. పిల్లల్ని తీసుకెళ్ళండి

ఎనిమిదేళ్ళు దాటి, చెప్పినమాట వినే పిల్లలైతే తప్పకుండా తీసుకెళ్ళండి. వాళ్ళ కళ్ళు నేలకి దగ్గరగా ఉంటాయి, మనకి కనబడని పురుగులూ కప్పలూ వాళ్ళకే ముందు కనబడతాయి. ముందురోజు రాత్రి గదిలో ఒక ఆట ఆడించండి. మీరు చెయ్యి ఎత్తగానే అందరూ ఉన్నచోట బొమ్మలా ఆగిపోవాలి. అడవిలో ఆ ఆట పనికొస్తుంది. దూరం రెండు కిలోమీటర్లు మించనివ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళకి మోకాళ్ళు సహకరించకపోతే సైలెంట్ వ్యాలీ జీపు చాలు. కంటికి బైనాక్యులర్స్ ఇచ్చి కూర్చోబెడితే సింగళీకాన్ని ముందు పట్టేది వాళ్ళే కావచ్చు. ముఖం చుట్టూ సింహపు జూలు, నల్లటి ఒళ్ళు. ఆ కోతి ప్రపంచంలో పశ్చిమ కనుమల్లో తప్ప ఇంకెక్కడా లేదు.

9. గదికి చేరాక

బట్టలు బాత్రూములోనే విప్పి దులపండి. వెలుతురులో ఒళ్ళంతా చూసుకోండి, ముఖ్యంగా మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుము చుట్టూ. జలగలకంటే పిడుదుల కోసం చూడాలి, తెలంగాణలో గోమార్లంటారు. శివమొగ్గ ప్రాంతంలో ఇది ఇంకా ముఖ్యం. అక్కడి క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన జ్వరం పిడుదుల వల్లే వస్తుంది. కోతులు కూడా దానితో చనిపోతాయి. అడవిలో చనిపోయిన కోతి కనబడితే దగ్గరికి వెళ్ళకుండా అటవీశాఖకి చెప్పండి. తిరిగొచ్చిన పది పదిహేను రోజుల్లో జ్వరం వస్తే ఏ అడవికి వెళ్ళొచ్చారో డాక్టరుకి చెప్పండి.

ఆ రాత్రే, నిద్రపోయేముందు, చూసినవీ విన్నవీ రాసుకోండి. పేర్లు తెలియకపోతే రంగు, చప్పుడు, చోటు రాయండి.

10. రెండోరోజు అదే దారిలో మళ్ళీ వెళ్ళండి

అందరూ రెండోరోజుకి కొత్త చోటు వెతుకుతారు. నేను మాత్రం అదే బాటలో, వేరే వేళకి మళ్ళీ వెళ్ళమంటాను. ఉదయం వెళ్తే సాయంత్రం, సాయంత్రం వెళ్తే ఉదయం. ఈసారి ఏ మలుపులో ఏ చెట్టుందో మీకు తెలుసు. ఎక్కడ ఆగాలో తెలుసు. కాళ్ళు దారి చూసుకుంటాయి, కళ్ళకి తీరిక దొరుకుతుంది.

నిన్న పండ్లతో నిండిన జువ్విచెట్టు కనబడి ఉంటే దాని దగ్గరికే వెళ్ళండి. గైడు చూపిన చోట కూర్చుని, నీళ్ళు తాగి, సంచి పక్కన పెట్టండి. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య అయితే ఈ చెట్టుకి ఒక అతిథి వచ్చే అవకాశం ఎక్కువ. దాని ఆడది ఎక్కడో చెట్టుతొర్రలో కూర్చుని, ద్వారం మూసేసుకుని, సన్నటి సందు ఒక్కటే వదిలి గుడ్లు పొదుగుతూ ఉంటుంది. ఆ సందులోంచి దాని నోటికి పండ్లు అందించాల్సింది మగపక్షే. రోజంతా పండ్ల చెట్లకీ తొర్రకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. దాన్ని వెతక్కండి, వినండి. ముందుగా చెట్ల పైనుంచి, పాతకాలపు బొగ్గు రైలు దగ్గరికొస్తున్నట్టు 'హుష్... హుష్...' అని రెక్కల చప్పుడు వస్తుంది. అప్పుడు తల మెల్లగా ఎత్తండి. మీ చేతిలో ఫోను ఉంటే అలాగే ఉండనివ్వండి, పైకి లేపకండి.